వెతికేవాళ్ళ మాట

ఒకే సంగతి మీద రెండు వ్యాసాలు ఉన్నాయనుకుందాం. మొదటిది ఒక డాక్టరుగారు రాసింది. శీర్షిక: "సర్పదష్టులకు ప్రథమ చికిత్స – కొన్ని సూచనలు". అందులో ప్రతి వాక్యమూ సరైనదే. కాటు పడ్డ చోట కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు, మనిషిని ఎక్కువ కదలనీయకుండా వీలైనంత తొందరగా ఆస్పత్రికి తీసుకెళ్ళండి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడే ఉంటుంది. ఇంతే విషయం. రెండోది ఎవరు రాశారో తెలీదు. శీర్షిక: "పాము కరిస్తే ఏం చేయాలి?" లోపల ఏదో ఆకు పసరు గురించి, ఇంట్లోనే చేసుకోగల ఇంకేదో చిట్కా గురించి ఉంది. రాత్రి పదకొండింటికి, పొలం నుంచి మోసుకొచ్చిన మనిషి పక్కన కూర్చుని ఎవరో ఫోను తీస్తారు. వాళ్ళు "సర్పదష్ట" అని టైపు చేస్తారా?

ఉదాహరణ నేను ఊహించిందే. పాముకాటు మాత్రం ఊహ కాదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. సగటున ఏడాదికి 58,000 మంది. ఆ చావులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. కాబట్టి ప్రశ్న ఇది: సరైనది రాయడంతో డాక్టరుగారి బాధ్యత తీరిపోయిందా? అది అవసరమైనవాళ్ళకి దొరికేలా చూడటం కూడా ఆయన బాధ్యతేనా, లేక అది వేరే ఎవరో చూసుకోవాల్సిన వ్యాపారపు పనా?

ఈ ప్రశ్న నాకు ఉద్యోగం వల్ల పట్టుకుంది. వెబ్‌సైట్లలోని పేజీలు గూగుల్ లాంటి సెర్చ్ ఇంజిన్లలో పైన కనబడేలా సరిచేయడం నా పని. ఎస్ఈఓ అంటారు. సాహిత్యం చదివే స్నేహితులకి ఈ మాట చెప్తే "ఓహో" అంటారు. ఆ "ఓహో"లో చాలా ఉంటుంది. రాయడం పవిత్రం, రాసింది కనబడేలా చేయడం బజారు వ్యవహారం అన్న ఒక పాత నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకంలో కొంత నిజం ఉంది. మొత్తం నిజమైతే కాదు.

ముందు యంత్రం సంగతి. సెర్చ్ ఇంజిన్ చేసే పనిలో మాయ ఏమీ లేదు. లింకులు పట్టుకుని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోతూ, ఏ మాట ఏ పేజీలో ఉందో రాసి పెట్టుకుంటుంది. పుస్తకాల వెనక ఉండే పదసూచికలాంటిదే, కాకపోతే బ్రహ్మాండమైనది. మనం అడిగినప్పుడు ఆ సూచిక చూస్తుంది తప్ప, ఇంటర్నెట్టంతా అప్పటికప్పుడు గాలించదు. మరి ఒకే మాట ఉన్న లక్ష పేజీల్లో ఏది ముందు పెట్టాలి? స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో దీనికి ఒక జవాబు రాశారు. పరిశోధకులు ఒకరి పత్రాన్ని మరొకరు ఉటంకిస్తారు కదా. అలాగే ఈ పేజీకి ఎవరెవరు లింకు ఇచ్చారు, ఇచ్చినవాళ్ళకి ఎంత విలువుంది అన్నది లెక్క కట్టారు. తర్వాత ఆ లెక్కలో వందల సంగతులు కలిశాయి. అయినా అడుగున ఉన్న ప్రశ్నలు రెండే. ఈ పేజీ దేని గురించి? దీన్ని ఎవరు నమ్ముతున్నారు? నా పనిలో ఎక్కువ భాగం మొదటి ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పించడమే.

"మంచి రచనైతే పాఠకులే వెతుక్కుంటూ వస్తారు" అంటారు. వినడానికి బావుంటుంది. అన్నమయ్య కీర్తనల్ని 16వ శతాబ్దంలో రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల గుళ్ళోనే ఒక చిన్న అరలో భద్రం చేశారు. ఆ పాటలు కాలానికి నిలబడాలన్న శ్రద్ధ ఎంత ఉంటే అంత శ్రమ పడతారు! నిలబడ్డాయి కూడా. కానీ 20వ శతాబ్దం వచ్చాక గానీ ఆ రేకులు లోకం దృష్టికి రాలేదు. మధ్యలో ఎన్ని తరాల పాటగాళ్ళు ఆ గుడికి వచ్చి, దణ్ణం పెట్టుకుని, ఆ అర పక్కనుంచే నడిచి వెళ్ళిపోయి ఉంటారో. నిలవడం వేరు, దొరకడం వేరు. రచన గొప్పదైతే చాలు అనేవాళ్ళు ఈ రెండిట్నీ ఒకటే అనుకుంటారు.

మన పాత పండితులు అలా అనుకోలేదు. ప్రబంధాల మంచి ప్రచురణల చివర పద్యాల అకారాది సూచిక ఉంటుంది. పద్యం మొదటి మాట గుర్తుంటే చాలు, పేజీ దొరుకుతుంది. ఏ ఆశ్వాసమో, ఏ సందర్భమో తెలియక్కర్లేదు. ఆ సూచిక తయారుచేసినాయన వందల పద్యాల ఎత్తుగడల్ని వరసలో పెడుతూ ఎన్ని రాత్రులు కూర్చున్నాడో! ఆయన్ని మనం మార్కెటింగ్ మనిషి అనం. మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పాడు. ప్రతి పుస్తకానికీ ఎక్కడో దాని పాఠకుడు ఉంటాడని ఒకటి, పాఠకుడి కాలం వృథా కానీయకూడదని ఇంకొకటి. ఎస్ఈఓలో మర్యాదస్తుల భాగం ఏదైనా ఉంటే అది ఈ రెండు సూత్రాల్లోనే ఉంది.

తెలుగులో ఈ పని ఇంకా ఎక్కువ అవసరం. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగు ఉంది. అయినా ఆ తర్వాత చాలా ఏళ్ళు మన సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు వాడుకున్నాయి. తెర మీద "అమ్మ" అని కనబడేది, లోపల మాత్రం ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండేవి. మనిషికి తెలుగు, యంత్రానికి పిచ్చిరాత. అలా రాసిన వేల పేజీలు ఇప్పటికీ ఎవరికీ దొరకవు. పాత పత్రికల స్కానింగులూ అంతే. అక్షరాలు గుర్తించి పెట్టకపోతే పీడీఎఫ్‌లో ఉన్నది బొమ్మే, మాట కాదు. ఇవాళ కూడా కవితని ఒక పూల బొమ్మ మీద అచ్చేసి, ఆ బొమ్మని పెడుతున్నాం. యంత్రం దాన్ని మాటలుగా పట్టుకుంటుందన్న నమ్మకం లేదు. కళ్ళు కనబడని పాఠకుడి ఫోనులో గొంతు కూడా దాన్ని చదివి వినిపించలేకపోవచ్చు.

శీర్షికల విషయంలో మన సాహిత్య పత్రికలది మరీ విచిత్రం. పుస్తక సమీక్ష రాస్తాం, దానికి "వెన్నెల తడిపిన దారి" అని పేరు పెడతాం. పుస్తకం పేరు మూడో పేరాలో వస్తుంది, అదీ విభక్తి ప్రత్యయం తగిలించుకుని. రచయిత ఇంటిపేరు ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉంటుంది. ప్రచురించిన ఏడాది ఉండదు. ఐదేళ్ళ తర్వాత ఆ నవల మీద పరిశోధన చేసే అమ్మాయికి ఆ సమీక్ష ఎలా దొరుకుతుంది? ఆమె పుస్తకం పేరుతో వెతుకుతుంది, పైగా చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతుంది. ఆమెకి మనం వెన్నెల పెట్టాం గానీ దారి పెట్టలేదు.

ఇప్పుడు రెండో వైపు. నా స్నేహితుల "ఓహో" వెనక ఉన్న నిజం ఇదే. దొరకడం అనేది విలువైనదని తెలియగానే దాన్ని దొంగిలించడం మొదలైంది. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో వందల మాటలు రాసిపెట్టేవాళ్ళు. మనిషికి కనబడవు, యంత్రం చదువుతుంది. 2006లో బీఎండబ్ల్యూ కార్ల కంపెనీ జర్మన్ సైటుని గూగుల్ కొన్నాళ్ళు తన సూచికలోంచి తీసేసింది. యంత్రానికి ఒక పేజీ, మనిషికి ఇంకో పేజీ చూపిస్తున్నారని. పేజీ లోపల కీవర్డ్‌ల కోసమే పెట్టిన ఒక ప్రత్యేకమైన చోటుని అందరూ చెత్తతో నింపారు. చివరికి వరసలు నిర్ణయించేటప్పుడు దాన్ని అసలు చూడనే చూడమని 2009లో గూగుల్ ప్రకటించింది. వెతుకులాటల కోసమే పస లేని వ్యాసాలు గంపలకొద్దీ తయారుచేసే సైట్లని కిందకి తొయ్యడానికి 2011లో తన లెక్కలు మార్చుకుంది. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త పేరు మీద ఒక సూత్రం ఉంది. ఒక కొలతనే గురిగా పెట్టుకుంటే అది ఇక కొలతగా పనికిరాదని దాని సారాంశం. సెర్చ్ ఇంజిన్ల చరిత్ర మొత్తం ఈ సూత్రానికి వ్యాఖ్యానమే.

మన అనుభవమూ ఇదే కదా. గోంగూర పచ్చడి ఎలా చేయాలో చూద్దామని వెళ్తే, గోంగూర అంటే ఏమిటి, గోంగూర పచ్చడి అంటే ఏమిటి, గోంగూర పచ్చడిని ఆంధ్రులు ఎందుకు ఇష్టపడతారు అని నాలుగు స్క్రీన్లు దాటాలి. అప్పటికి పొయ్యి మీద నూనె కాగిపోతుంది. "రేపు స్కూళ్ళకు సెలవు?" అని శీర్షిక. చివరి వాక్యంలో "అధికారిక ప్రకటన రావాల్సి ఉంది". ఆ ప్రశ్నార్థకం అబద్ధం కాదు. కానీ నిజాయితీ కూడా కాదు.

ఈ రెండిటికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? బొమ్మల వెనక రాసే వివరణ సంగతి చూస్తే నాకు కొంత స్పష్టంగా అర్థమైంది. వెబ్ పేజీలో ప్రతి ఫొటోకీ కనబడకుండా ఒక చిన్న వివరణ రాసే వీలుంది. చూపు లేనివాళ్ళ ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది. "మగ్గం మీద చీర నేస్తున్న స్త్రీ" అని రాస్తే వాళ్ళకి ఆ ఫొటో అందుతుంది. సెర్చ్ ఇంజిన్ కూడా ఆ వివరణ చదువుతుందని తెలిశాక కొందరు అక్కడ "పట్టుచీరలు చౌక పట్టుచీరలు హైదరాబాద్ పట్టుచీరలు పెళ్ళి పట్టుచీరలు" అని రాయడం మొదలెట్టారు. చూపు లేని మనిషి చెవిలో ఆ జాబితా మోగుతుంది. చోటు ఒకటే, యంత్రమూ ఒకటే. ఒకరు ఆ యంత్రం గుండా మనిషితో మాట్లాడారు. రెండోవాళ్ళు మనిషిని అడ్డం తోసి యంత్రంతో మాట్లాడారు.

గూగుల్ సైట్లవాళ్ళకి ఒక పరీక్ష చెప్తూ ఉండేది. సెర్చ్ ఇంజిన్లే లేకపోతే ఈ పని చేసేవారా అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి, అని. బాగానే ఉంది గానీ నాకు సరిపోలేదు. సెర్చ్ ఇంజిన్లు లేకపోతే సమీక్ష కింద పుస్తకం పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో మళ్ళీ రాయాల్సిన అవసరం ఉండదు. అయినా ఆ పని చేయడం ఆ పరిశోధక విద్యార్థినికి మేలే. కాబట్టి నేను ఇంకోలా అడుగుతాను: ఇక్కడికి వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి, నిన్ను రప్పించడానికి ఇదిగో ఇలా చేశాను అని మొహం చూసి చెప్పగలనా? సందులో కూరల బండి వస్తుంది. కేక వేయడం తప్పు కాదు. వేయకపోతే లోపల వంటింట్లో ఉన్నవాళ్ళకి బండి వచ్చిందని ఎలా తెలుస్తుంది? కానీ వంకాయలు పెట్టుకుని మామిడిపళ్ళని కేక వేయడం తప్పు. శీర్షిక ఒక కేక. అంటే ఒక మాట ఇవ్వడం. బండిలో ఆ సరుకు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ ఒక పేచీ ఉంది. వెతికేవాళ్ళ మాటల్లోనే ఒక్కోసారి తప్పు ఆశ దాగి ఉంటుంది. మధుమేహం గురించి పేజీలు కావాలని ఒక క్లయింటు అడిగారు. "షుగర్ పూర్తిగా తగ్గాలంటే" అని జనం వెతుకుతున్నారు కాబట్టి అదే శీర్షిక కావాలన్నారు. నాకు అభ్యంతరం లేదు. భయపడ్డ మనిషి అడిగే మాట అదే, పుస్తకాల్లో మాట కాదు. కానీ మొదటి పేరాలోనే అసలు జవాబు రాశాను. ఇలాంటి హామీ ఇచ్చే మందుల్ని నమ్మొద్దు, డాక్టరు చెప్పకుండా మందులు మానొద్దు, తిండీ వ్యాయామమూ మార్చుకుంటే వచ్చే మేలు ఇదీ, అని. ఆ జవాబుని కిందకి తొయ్యమన్నారు. ముందు ఆశ, తర్వాత ఫోన్ నంబరు, చివర్లో నిజం. నేను తొయ్యలేదు. ఆ పని ఇంకెవరికో వెళ్ళిపోయింది. అప్పట్నుంచి నాకు ఇది ఒక నియమం అయింది. గుమ్మం మీద వెతికేవాళ్ళ మాట ఉండాలి, గుమ్మం దాటగానే నిజం ఉండాలి. రోగి భాషలో తలుపు తీయకపోతే అది గర్వం. తలుపు తీసి నిజాన్ని వెనకగదిలో దాచిపెడితే అది మోసం.

దీనికంటే కష్టమైన పేచీ ఇంకొకటి ఉంది. దాని గురించి నా వృత్తిలో ఎవరూ పెద్దగా మాట్లాడరు. వెతికేవాళ్ళ మాట వాడమంటున్నాను. ఏ వెతికేవాళ్ళ మాట? గోంగూరని తెలంగాణలో పుంటికూర అంటారు. ఒకచోట వేరుశనగ, ఒకచోట పల్లీలు, రాయలసీమలో బుడ్డలు, చెనక్కాయలు. మా పనిముట్లు ప్రతి మాట పక్కనా ఒక సంఖ్య చూపిస్తాయి, నెలకి ఎంతమంది వెతికారని. పెద్ద సంఖ్య ఉన్న మాట రాయడం సులభం. అందరూ ఆ మాటే రాస్తారు. అందరికీ అదే కనబడుతుంది. పుంటికూర అని వెతికి ఏమీ దొరక్క, రెండోసారి గోంగూర అని వెతికే పిల్ల ఒకతె ఉంటుంది. ఆ రెండో వెతుకులాటతో పెద్ద సంఖ్య ఇంకొంచెం పెద్దదవుతుంది. మాండలికం మీద ఎవరూ నిషేధం పెట్టలేదు. అది లెక్కలో ఓడిపోతుంది, అంతే.

గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడింది చదువు జనానికి అందాలని. వెతుకులాట పెట్టె ఒక రకంగా ఆ పోరాటానికి వచ్చిన జవాబులాగే కనబడుతుంది. అక్కడ ఎవరూ గ్రాంథికంలో అడగరు. కానీ ఎక్కువమంది వాడుక తక్కువమంది వాడుకని మింగేస్తే, అది కొత్త గ్రాంథికం అవుతుంది. అందుకని నేను చేసేది చాలా చిన్న పని. రాసినవాళ్ళది పుంటికూర అయితే శీర్షికలో పుంటికూరే ఉంచుతాను. మొదటి రెండు వాక్యాల్లో దీన్నే గోంగూర అంటారని చెప్తాను. గోంగూర అని వెతికినవాళ్ళూ వస్తారు, వచ్చి ఒక కొత్త మాట నేర్చుకుని పోతారు. పెద్ద మాట చిన్న మాటకి దారి కావాలి గానీ సమాధి కాకూడదు.

మరి కవిత సంగతి? ప్రతి కవితకీ కీవర్డ్ కావాలా? అక్కర్లేదు. కవిత ఎవరి ప్రశ్నకీ జవాబు కాదు. దానికి కవి పెట్టిన పేరే పేరు. అది అనుకోకుండా తారసపడే హక్కు పాఠకుడికి ఉంది, కొన్నాళ్ళు ఎవరికీ దొరక్కుండా ఉండే హక్కు కవికి ఉంది. కానీ ఆ కవిత చుట్టూ ఉన్న పేజీ కవిత కాదు. కవి పేరు పూర్తిగా, ఏ సంపుటిలోది, ఏ ఏడాది అన్నవి సాదా సీదా మాటల్లో రాసి ఉండాలి. కవితని అక్షరాలుగా పెట్టాలి, బొమ్మగా కాదు. ఎక్కడో విన్న ఒక పాదం గుర్తున్న మనిషికి అంతమాత్రం సాయం చేస్తే కవిత్వం మైలపడదు.

ఈ మధ్య సంగతి ఇంకొంచెం మారింది. అడిగితే యంత్రమే పేజీలన్నీ చదివి జవాబు చెప్పేస్తోంది. మన పేజీ దాకా ఎవరూ రావక్కర్లేదు. రాసినవాళ్ళ పేరూ శ్రమా మధ్యలో మాయమైపోవడం అన్యాయమే. ఆ గొడవ పడాల్సిందే. కానీ మనం దేనికోసం దొరకాలనుకున్నామో తేల్చుకోవడానికి ఇది మంచి సందర్భం కూడా. పాము కరిచిన మనిషి ఆస్పత్రికి చేరితే చాలనుకున్నామా, వచ్చినవాళ్ళ లెక్క పెరగాలనుకున్నామా? రెండూ అనుకోవచ్చు, తప్పు లేదు. ఏది ముందో మాత్రం తెలిసి ఉండాలి.

చివరగా లింకుల మాట. సెర్చ్ ఇంజిన్ మొదట్లో అడిగిన రెండో ప్రశ్న గుర్తుంది కదా, దీన్ని ఎవరు నమ్ముతున్నారని. దానికి జవాబు రాసినవాళ్ళు ఇచ్చుకోలేరు, చదివినవాళ్ళే ఇవ్వాలి. మనం ఒక వ్యాసంలో ఇంకొకరి పాత వ్యాసం ప్రస్తావిస్తాం. "ఆ మధ్య ఎక్కడో చదివాను" అని వదిలేస్తాం. ఆ "ఎక్కడో"ని వెతికి, లింకు పెట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. అది యంత్రం దృష్టిలో ఒక సాక్ష్యం. తనకి తాను కేక వేసుకోవడం చేతకాని మంచి రచనకి ఎవరో ఒకరు నిలబడి, నేను చదివాను, ఇది మంచిది, ఇదిగో ఇక్కడుంది అని చెప్పడం. నచ్చిన రచన విషయంలో ఆ రెండు నిమిషాలు మనం బాకీ ఉన్నామని నేను అనుకుంటాను.